పాట ఎత్తుకునేవారు, అందుకునేవారు



ఈసారి సంఘములో పాట గురించి కొంత చరిత్ర చెప్పాలనుకుంటున్నాము. పాత సంగతులు ఇప్పుడెందుకు అనుకోవద్దు. ఒక సమాధి దగ్గర మేము పడిన సిగ్గు వలననే ఈ చరిత్ర వెదకవలసి వచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాము.

2021 మే నెల. కరోనా రెండవసారి వచ్చిన రోజులు. మన సంఘస్థుడొకరు ప్రభువునందు నిద్రించారు. అప్పట్లో సమాధి తోటకు జనం వెళ్ళడానికి లేదని మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన కొడుకు, ఇద్దరు బంధువులు, మేము, అంతే. పాటల పుస్తకం లేదు, వాద్యం లేదు, అందరి ముఖాలకూ మాస్కులు. వాక్యం చదివి, ప్రార్థన చేసి, అలవాటు ప్రకారం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని ఒక పాత కీర్తన ఎత్తుకున్నాము. పల్లవి ఒకసారి పాడి ఆగాము. అందుకునేవారు లేరు. మళ్ళీ పాడాము. ఆ కుర్రవాడు పుట్టినప్పటి నుండి మన గుడిలో పెరిగినవాడే, ఆదివారం మానేవాడు కాదు. పెదవులు కదిపాడు గాని మాట రాలేదు. దుఃఖం వలన అనుకున్నాము. నెల రోజుల తరువాత వాళ్ళింటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు అతడే చెప్పాడు: "ఏడుపొచ్చి కాదండి అయ్యగారూ. ఫోనులో వందల పాటలున్నాయి. నోటికి మాత్రం ఒక్కటీ రాలేదు."

ఆ మాట మమ్మల్ని వదలలేదు. తప్పు ఆ బిడ్డది కాదు. అతనికి పాట నేర్పవలసినది సంఘము, ఆ సంఘానికి కాపరులము మేము. అసలు పాట నడిపించడమంటే ఏమిటి, మన పితరులు ఆ పని ఎలా చేశారు అని అప్పటి నుండి వెదకడం మొదలుపెట్టాము.

ప్రధానగాయకుని పని

కీర్తనల గ్రంథము తెరిస్తే చాలా కీర్తనల పైన 'ప్రధానగాయకునికి' అని ఉంటుంది. 150 కీర్తనలలో 55 కీర్తనలకు ఈ మాట ఉంది. మనం దానిని దాటి మొదటి వచనానికి వెళ్ళిపోతాము. కాని ఆ ఒక్క మాట ఒక పెద్ద సంగతి చెబుతుంది. ఈ కీర్తన ఎవరో ఒంటరిగా చదువుకోవడానికి మాత్రమే రాసినది కాదు. పాట నడిపించే ఒకనికి అప్పగించినది. దానిని పదిమంది మధ్యకు తేవడం అతని పని.

దావీదు మందసమును యెరూషలేముకు తెచ్చిన రోజున పాట విషయం చూచినవాడు లేవీయుడైన కెనన్యా. అతడు ఆ పనిలో ప్రవీణుడు గనుక ఇతరులకు నేర్పేవాడని మొదటి దినవృత్తాంతముల గ్రంథము 15వ అధ్యాయములో ఉంది. అదే గ్రంథము 25వ అధ్యాయములో పాట నేర్చినవారి లెక్క ఉంది: 288 మంది, 24 వంతులు. గురువని, శిష్యుడని తేడా లేకుండా అందరికీ చీట్లు వేశారట. గమనించండి ప్రియులారా, పాట బాగా వచ్చినవాని గొప్పతనం అక్కడ అతని గొంతుతో ఆగలేదు, నేర్పడంలో ఉంది.

ఇక 124వ కీర్తన, 129వ కీర్తన చూడండి. మొదటి మాట ఒకరు అంటారు. వెంటనే ఇశ్రాయేలు కూడా ఈ మాట అనాలి అని పిలుపు వస్తుంది. ఆ తరువాత అదే మాట మళ్ళీ వస్తుంది. ఒకరు ఎత్తుకోవడం, అందరూ అందుకోవడం ఆ కీర్తనల లోపలే రాసి ఉంది. 118వ కీర్తనలో ఇశ్రాయేలీయులను, అహరోను వంశస్థులను, దేవునియందు భయభక్తులు గలవారిని వరుసగా పిలిచి, అందరి నోటా ఒకే మాట పలికించారు. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ రెండవ భాగం ఒక్కటే. ఇంటింటా గ్రంథపు చుట్టలు లేని కాలమది. చదువు రాని గొర్రెల కాపరి కూడా ఆ రెండవ భాగం పాడగలడు. ఆ కీర్తన కట్టిన తీరులోనే అతనికి చోటు ఉంది.

మన ప్రభువు సంగతి కూడా తలంచుకోండి. పస్కా రాత్రి భోజనం ముగిశాక శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్ళాడని మత్తయి, మార్కు రాశారు. మరునాడు సిలువ మీద ఆయన పలికిన మాటలలో 22వ కీర్తన మాట ఉంది, 31వ కీర్తన మాట ఉంది. అక్కడ ఆయన చేతిలో ఏ గ్రంథమూ లేదు. చేతులకు మేకులున్నాయి. నోట ఉన్నదే బయటికి వచ్చింది. సమాధి దగ్గర మా కుర్రవాని మౌనం గుర్తొచ్చినప్పుడల్లా ఈ సంగతి మమ్మల్ని పొడుస్తూనే ఉంటుంది.

పుస్తకం లేని జనం పాడిన విధము

తరువాత అనేక శతాబ్దాలపాటు ఐరోపా గుళ్ళలో పాట ఎక్కువగా గురువుల వర్గానికి, శిక్షణ పొందిన గాయకులకు పోయింది. భాష లాటిను గనుక సామాన్యులకు అర్థం కాలేదు. 16వ శతాబ్దపు సంస్కరణలో పాట మళ్ళీ జనం నోటికి వచ్చింది. జెనీవా పట్టణంలో జాన్ కాల్విన్, తోటి సేవకులు 1537లో నగర సభ ముందు ఒక ఆలోచన పెట్టారు. ముందు పిల్లలకు కీర్తనలు నేర్పుదాము, వాళ్ళు గుడిలో స్పష్టంగా పాడితే పెద్దలు విని, కొద్దికొద్దిగా అందుకుంటారు అని. అంటే ఆ గుడిలో పాట నడిపించవలసినవారు పిల్లలు! 150 కీర్తనలూ పాటలుగా కట్టడం 1562 నాటికి పూర్తయింది.

ఆ కథలోనే ఒక వింత సంఘటన. లూయీ బూర్జువా అనే సంగీతకారుడు అక్కడ కీర్తనలకు రాగాలు కూర్చేవాడు, నేర్పేవాడు. జనం అప్పటికే నేర్చుకున్న కొన్ని రాగాలను అనుమతి లేకుండా మార్చినందుకు 1551 డిసెంబరులో నగర సభ అతడిని చెరలో పెట్టింది. కాల్విన్ కలుగజేసుకుని విడిపించాడు. రాగం మార్చినందుకు చెరసాలా అని మాకు మొదట నవ్వు వచ్చింది. తరువాత ఆలోచిస్తే నవ్వు ఆగింది. అతని రాగాలు చెడ్డవేమీ కావు, వాటిలో కొన్ని నేటికీ లోకమంతా పాడుతున్నారు. కాని ఎంతో కష్టపడి ఒక రాగం నోటికి తెచ్చుకున్న జనానికి, అడగకుండా దానిని మార్చితే ఏమవుతుందో ఆ సభ వారికి తెలిసింది. చెరసాల తప్పే. కాని వాళ్ళ బాధ నిజమైనది.

ఇంగ్లండులో 1644లో తయారైన ఆరాధన క్రమములో మరొక ఏర్పాటు ఉంది. చదువు రానివారు ఎక్కువగా ఉన్న చోట, కాపరి గాని, నియమించబడిన మరొకరు గాని కీర్తనను ఒక్కొక్క పాదంగా చదివి వినిపించాలి, సంఘము వెంట పాడాలి. స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలో గేలిక్ భాష మాట్లాడే సంఘాలు నేటికీ అలాగే పాడతాయి. ఒకరు పాదం ఎత్తుకుంటారు, జనమంతా ఎవరి గమకం వారు వేసుకుంటూ అందుకుంటారు. వాద్యమేమీ ఉండదు. ఆ పాట వింటే సముద్రపు హోరులా ఉంటుంది.

మన తీరానికి వచ్చిన కీర్తన

ఇక మన సంగతికి వద్దాము. అనకాపల్లి నుండి విశాఖపట్నం ఎంత దూరం? బెల్లం దిమ్మలు వేసుకుని బండ్లు వెళ్ళి వచ్చే దూరమే. ఆ విశాఖపట్నానికి 1805లో లండన్ మిషన్ వారు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరిని పంపారు. ఆనందరాయరు అనే క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు వారికి తోడై సువార్తలను తెలుగులోకి తెచ్చే పనిలో నిలిచాడు. 1810 నాటికే ఆ ఇద్దరు దొరలూ కన్నుమూశారు. వారి శ్రమ ఫలంగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. సంపూర్ణమైన బైబిలు కోసం 1850ల వరకు ఆగవలసి వచ్చింది.

పుస్తకం వచ్చినా చదివేవారెందరు? పల్లెల్లో కూలి చేసుకునే మన పితరులలో అక్షరం వచ్చినవారు అరుదు. మరి వాక్యం వారిలోకి ఎలా వెళ్ళింది? ఎక్కువగా పాట మీదనే వెళ్ళింది. ఆ పాటకు బాట వేసినవారిలో మొదటగా చెప్పుకోవలసినవారు పురుషోత్తమ చౌదరి గారు. 1803లో గంజాం ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, 1833లో బాప్తిస్మము పొందారు, 1890లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆ మధ్య కాలమంతా సువార్త చెబుతూ, తెలుగులో కీర్తనలు కడుతూ గడిపారు. యేసునాయక శతకము కూడా ఆయనదే. విశాఖపట్నం లండన్ మిషన్‌లో సేవ చేసిన పులిపాక జగన్నాథం గారు ఆయన తరువాతి తరంవారు. వీరి కీర్తనలు నేటికీ మన పుస్తకంలో ఉన్నాయి.

మిషనరీలు తమ దేశపు రాగాలు తెచ్చారు. వాటిలో తెలుగు మాటలు అమర్చిన పాటలు మనకు ఉన్నాయి, ప్రేమతోనే పాడతాము. కాని తెలుగు మాటకు దాని నడక దానికి ఉంది. పరాయి రాగంలో పెడితే పొట్టి అక్షరం సాగుతుంది, సాగవలసినది నలుగుతుంది. చౌదరి గారు అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు నడిచిన దారినే పట్టుకున్నారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు. ప్రాస, యతి. శంకరాభరణం, ముఖారి, ఆనందభైరవి వంటి రాగాలు. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి, చూడండి. మన భాషలో దావీదు రాసినదాన్నీ కీర్తన అంటాము, త్యాగయ్య పాడినదాన్నీ కీర్తన అంటాము. ఆ ఒక్క మాటలోనే రెండు ధారలు కలిశాయి.

అందులో మరొక మేలు ఉంది. పల్లవి అంటే చరణం చరణానికీ తిరిగి వచ్చేది. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు చూడండి, జముకుల కథ చూడండి, భజన గోష్ఠి చూడండి. ఒకరు కథ నడుపుతారు, మిగతావారు వంత పాడతారు. వంత పాడడానికి పుస్తకం అక్కరలేదు, చెవి ఉంటే చాలు. చౌదరి గారి కీర్తన పల్లెకు వెళ్ళినప్పుడు జనానికి ఆ పాడే పద్ధతి అప్పటికే తెలుసు. ఉపదేశి చరణం చెబుతాడు, జనం పల్లవి అందుకుంటారు. నాలుగు వారాలు తిరిగేసరికి చరణం కూడా వారి నోటికి వచ్చేస్తుంది. పొలంలో నాట్లు వేస్తూ, చెరకు నరుకుతూ అదే పాడుకుంటారు. 136వ కీర్తన యెరూషలేములో చేసిన పనినే పల్లవి మన పల్లెలో చేసింది.

హార్మోనియం నుండి తెర వరకు

ఇక్కడ మన యవ్వనస్థులకు న్యాయం చేయాలి. ఈ సంగతులు మేము చెబుతున్నప్పుడు ఒక తమ్ముడు లేచి, "అయ్యగారూ, చౌదరి గారి పాట కూడా ఒకనాడు కొత్తదే కదండి?" అన్నాడు. నిజమే! పాతదని హార్మోనియాన్ని మనం గౌరవిస్తాము గాని అది కూడా పరాయి ఊరిదే. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబాన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. అది కాలితో తొక్కేది. మనం కింద కూర్చుని చేత్తో వాయించే పెట్టెను తరువాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారు చేశాడు. మన గమకాలు దాని మెట్ల మీద పలకవని 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి దానిని పక్కన పెట్టింది కూడా. అయినా గుళ్ళలో అది నిలిచింది. ఎందుకు? దాని ధ్వని జనం గొంతును ముంచేయలేదు. శ్రుతి పట్టుకోవడానికి ఆసరాగా నిలిచింది.

కాబట్టి కీబోర్డు పాపం కాదు, కొత్త పాట పాపం కాదు. సీయోను గీతాలు, బైబిలు మిషను పాటలు, ఆచార్య ఎ.బి. మాసిలామణి గారి పాటలు ఒక్కొక్క తరంలో కొత్తగా వచ్చినవే. వాటితో ఎందరో బలపడ్డారు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ పాట జనం నోటికి చేరిందా, లేక వేదిక మీదనే ఉండిపోయిందా?

దీనికి జవాబు మాకు చాలా ముందే వచ్చింది. మేము వినలేదు. కరోనాకు రెండేళ్ళ ముందు చందాలు వేసుకుని గుడికి ప్రొజెక్టరు, పెద్ద స్పీకర్లు తెచ్చాము. మాకే ఎక్కువ సంబరం. పాటల పుస్తకాలు బీరువాలో పెట్టేశాము. వారం వారం కొత్త పాటలు, నలుగురి చేతుల్లో మైకులు, కీబోర్డు మీద గొప్ప శ్రుతి. వెనుక చాప మీద కూర్చునే ఒక మామ్మగారు, జీవితమంతా చెరకు తోటల్లో కూలి చేసిన ఆమె, అప్పటి నుండి పాడడం మానేసింది. ఒకరోజు గుమ్మం దగ్గర, "ఏం మామ్మా, పాడటం లేదేమి?" అని అడిగాము. ఆమె అంది: "గోడ మీద అచ్చరాలు నాకేటి తెలుస్తాయి అయ్యగారూ? నోటికియ్యండి, పాడతాను."

మేము నవ్వి, చేయి పట్టుకుని, ప్రార్థన చేసి పంపించాము. నోటికియ్యండి అని ఆమె అడిగినదే ప్రధానగాయకుని పని అని మాకు తోచలేదు. తెర చదవలేని మామ్మ ఒక్కతే నష్టపోయిందని అనుకున్నాము. తెర చదవగలిగిన కుర్రవాడు కూడా నష్టపోయాడని సమాధి దగ్గర గాని తెలియలేదు. చదివి పాడిన పాట తెర ఆరగానే పోయింది. మామ్మకు నోటికి వచ్చిన కీర్తనలు ఆమెతోనే వెళ్ళిపోతాయి, మనం ఇప్పుడు నేర్చుకోకపోతే.

ఇప్పుడు మనం చేస్తున్నది

గత రెండేళ్ళుగా మన సంఘములో కొన్ని మార్పులు చేశాము. దూరాన ఉన్నవారు కూడా తెలుసుకోవాలని రాస్తున్నాము.

నెలకు ఒక్క కీర్తన మాత్రమే కొత్తగా తీసుకుంటున్నాము. నాలుగు ఆదివారాలూ అదే. దావీదు కీర్తనలను అనుసరించి కట్టిన పాటలకు మొదటి చోటు. పాట నడిపించేవారు ముందు ఒక పాదం చెబుతారు, అందరూ వెంట అంటారు, తరువాత పాడతాము. పల్లవి వచ్చినప్పుడు మైకులు దించేస్తారు, కీబోర్డు తగ్గుతుంది. జనం గొంతు జనానికి వినబడాలి. పక్కవారి గొంతు వినబడితేనే సిగ్గుపడేవారు నోరు తెరుస్తారు. శ్రుతి కూడా దించాము. పాడేవారి గొంతు ఎంత పైకి వెళుతుందో చూపించడానికి కాదు, అందరికీ అందడానికి. శనివారం సాయంత్రం ఆదివారపు బడి పిల్లలు మామ్మగారి దగ్గర కూర్చుంటున్నారు. ఆమె చెబుతుంది, వాళ్ళు అందుకుంటారు. జెనీవాలో పిల్లలు పెద్దలకు నేర్పారు. ఇక్కడ మామ్మ పిల్లలకు నేర్పుతోంది, ఆదివారం ఆ పిల్లలు మిగతా పెద్దలకు నేర్పుతున్నారు.

అంతా సాఫీగా జరుగుతోందని చెప్పము. ఇద్దరు ముగ్గురు యవ్వనస్థులు విసుగుతో వేరే గుడికి వెళ్ళారు. వారి కోసం ప్రార్థన చేస్తున్నాము, ఇళ్ళకు వెళ్ళి మాట్లాడుతున్నాము. ప్రొజెక్టరును తీసివేయలేదు. అక్షరం వచ్చినవారికి అది ఆసరా. పాటకు అదే ఆధారం కాకూడదు, అంతే.

పోయిన నెల ఒక ఇంట్లో మరణం జరిగింది. రాత్రంతా శవం దగ్గర కూర్చున్నాము. నడిరాత్రి కరెంటు లేదు. మేము అలసి కళ్ళు మూసుకున్నాము. అప్పుడు ఒక గొంతు కీర్తన ఎత్తుకుంది. కళ్ళు తెరిచి చూస్తే, నాలుగేళ్ళ క్రితం తండ్రి సమాధి దగ్గర మాట రాక నిలబడిన ఆ కుర్రవాడే. శ్రుతి కొంచెం తప్పింది. రెండవ చరణం మూడవ చరణంలో కలిసిపోయింది. అయినా పల్లవి దగ్గరకు వచ్చేసరికి ఇల్లంతా అందుకుంది.

ప్రియులారా, ఈ వారం ఇంట్లో ఒక కీర్తన తీసుకోండి. మీ పిల్లలకు ఒక్కొక్క పాదం చెప్పండి. దూరదేశంలో ఉన్న బిడ్డలారా, ఫోనులో మీ అమ్మను గాని మామ్మను గాని అడిగి ఒక్క పాట నోటికి తెచ్చుకోండి. అవసరం ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు. వచ్చినప్పుడు పుస్తకం వెదికే సమయం ఉండకపోవచ్చు.

ప్రార్థన: మా ప్రభువా, సిలువ మీద కూడా కీర్తన పలికిన రక్షకుడా, మా నోళ్ళను తెరువుము. పాట ఎత్తుకునేవారికి వినయమును, అందుకునేవారికి ధైర్యమును దయచేయుము. మా పెద్దల నోట నీవు ఉంచిన దానిని మా పిల్లల నోటికి చేర్చుము. ఆమెన్.